పక్కింటి కుక్క డొక్కలు తేలితే

మే నెలలో హైదరాబాద్ మేడల మీద ఒక దృశ్యం మామూలే. నల్లటి నీళ్ల ట్యాంకు, దాని దిమ్మెకు కట్టిన గొలుసు, గొలుసు చివర లాబ్రడార్. పొద్దున తొమ్మిదింటికి యజమాని ఆఫీసుకు బయల్దేరేటప్పుడు కుక్క ట్యాంకు నీడలోనే పడుకుని ఉంటుంది. అప్పుడు నీడ పడమటి వైపు. మే 9 ప్రాంతంలో ఇక్కడ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. పన్నెండు దాటాక కాసేపు ఏ గోడకూ నీడ ఉండదు. రెండింటికల్లా నీడ తూర్పుకు జరుగుతుంది, నాలుగడుగుల గొలుసు అక్కడిదాకా అందదు. యజమాని సాయంత్రం ఏడింటికి వచ్చేసరికి అంతా చల్లబడి ఉంటుంది. ఆయన లెక్కలో కుక్క రోజంతా నీడలోనే ఉంది. మధ్యాహ్నం జరిగేది కనిపించేది ఎదురింటి మూడో అంతస్తు వాళ్లకే.

కాబట్టి కల్పించుకోవాలా వద్దా అన్నదాంట్లో పెద్ద మీమాంస అక్కర్లేదు. చూసినవాళ్లు కల్పించుకోవాల్సిందే. తేడా వచ్చేది ఎక్కడ మొదలుపెట్టాలన్న దగ్గరే. చాలామంది ఫిర్యాదుతో మొదలుపెడతారు. దాంతో గేటు మూసుకుపోతుంది, మేడ మీదున్న కుక్క లోపలి స్టోర్ రూములోకి మారుతుంది. ఆ తర్వాత దాన్ని చూసేవాళ్లే ఉండరు.

మాట్లాడేముందు ఒకటి తేల్చుకోవాలి. డొక్కలు కనిపించినంత మాత్రాన తిండి పెట్టడం లేదని కాదు. ముధోల్ జాతి కుక్క నిక్షేపంగా ఉన్నా చివరి పక్కటెముకలు రెండు మూడు తేలే ఉంటాయి. పన్నెండేళ్లు దాటిన కుక్కకు నడుం కండ కరిగిపోతుంది. మూత్రపిండాల జబ్బు, షుగర్, గోమార్ల వల్ల వచ్చే జ్వరం ఉంటే ఎంత పెట్టినా ఒంటికి పట్టదు. మనకు బక్కచిక్కినట్టు కనిపించే కుక్కకు ఆ ఇంట్లో రోజూ మందులు వేస్తూ ఉండొచ్చు. మేడ మీది నుంచి చూసేవాళ్లకు ఒక వీలుంది. కుక్క ఒంటి తీరు పైనుంచే బాగా తెలుస్తుంది. వెన్నుపూసలు ముడులు ముడులుగా లేచి, తుంటి ఎముకల కొనలు రెండూ పొడుచుకొస్తే అది మామూలు సన్నం కాదు. ఒకే చోట నిలబడి, ఒకే కోణంలో, పదిహేను రోజుల తేడాతో తీసిన రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే అనుమానం తీరుతుంది. మెడపట్టా కింద వెంట్రుకలు ఊడి చెమ్మగా ఉందా, గోళ్లు వంకర తిరిగాయా, గొలుసు పొడవునా నేల మీద గుండ్రటి బాట పడిందా అన్నవి కూడా చూడాలి. మెడ దగ్గర దుర్వాసన వస్తోందంటే పట్టా చర్మంలోకి దిగుతోందని అర్థం. కుక్కపిల్లప్పుడు కొన్న పట్టాను ఎవరూ మార్చని ఇళ్లలో జరిగేది ఇదే. పట్టాకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరాలి.

ఇక తిండి. మన ఇళ్లలో కుక్కను మాడ్చేవాళ్లు తక్కువ, తక్కువ పెడుతున్నామని తెలియనివాళ్లు ఎక్కువ. ముప్ఫై కిలోల లాబ్రడార్‌కు రోజుకు దాదాపు 1,400 కేలరీలు కావాలి. రెండు కప్పుల అన్నం, కప్పు పెరుగు కలిపితే 550 దగ్గర ఆగుతుంది. రోజుకు ఒక్కపూట పెరుగన్నం పెట్టే ఇంట్లో యజమానికి పెడుతున్నామన్న తృప్తి, కుక్కకు సగానికంటే ఎక్కువ కొరత. నీళ్ల సంగతీ అంతే. కిలో బరువుకు 50 నుంచి 60 మిల్లీలీటర్ల చొప్పున అదే లాబ్రడార్‌కు మామూలు రోజుల్లో లీటరున్నర పైచిలుకు పడుతుంది. ఎండాకాలంలో రెట్టింపు కావచ్చు. పలుచటి స్టీలు గిన్నెలో పోసి వెళ్తే గొలుసు తగిలి పది నిమిషాల్లో బోర్లా పడుతుంది. మళ్లీ సాయంత్రందాకా చుక్క ఉండదు.

మాట కలపడంలోనే సగం పని ఉంది. "మీ కుక్కకు తిండి పెట్టరా?" అని అడిగితే ఎవరైనా తలుపు వేసుకుంటారు. "ఆంటీ, మీ బ్రూనో మధ్యాహ్నం పూట బాగా ఆయాసపడుతున్నాడు, రెండింటికి అక్కడ నీడ ఉండట్లేదు" అంటే అది తప్పు పట్టడం కాదు, కబురు చెప్పడం. కుక్కను పేరుతో పిలవడం చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ బాగా పనిచేస్తుంది. వెంటనే చేయగలిగే సాయం ఒకటి చెప్పాలి: "పొద్దున ఆరింటికి వాకింగ్‌కు పోతాం, తీసుకెళ్లమంటారా?" కొడుకు కొన్న కుక్క, కొడుకు అమెరికా వెళ్లాక మిగిలింది మోకాళ్ల నొప్పులున్న తల్లిదండ్రులకు. ఈ ఊళ్లో ఇలాంటి ఇళ్లు కాలనీకి రెండైనా ఉంటాయి. వాళ్లకు ఉపన్యాసం అక్కర్లేదు, గొలుసు పట్టుకునే చెయ్యి కావాలి.

కుక్కను కట్టక తప్పని ఇల్లయితే మార్చాల్సింది కట్టే తీరు. రెండు స్తంభాల మధ్య అయిదారు మీటర్ల ఉక్కు తీగ బిగించి, దాని మీద జారే రింగుకు గొలుసు తగిలిస్తే కుక్క నీడ వెంట జరగగలదు. రెండు తప్పులు మాత్రం ప్రాణం తీస్తాయి. గొలుసు పిట్టగోడ దాటేంత పొడవుంటే కుక్క గోడ దూకి ఉరేసుకుంటుంది. తీగ చివర్లలో గోడకు ముందే రింగు ఆగేలా అడ్డు బిగించాలి. గొలుసు మధ్యలో తిరిగే కొక్కెం లేకపోతే మెలికలు పడి సాయంత్రానికి నాలుగడుగుల గొలుసు రెండడుగులవుతుంది. పైన ఆకుపచ్చ షేడ్ నెట్, కింద తడిపిన గోనెసంచి, బరువైన మట్టి తొట్టిలో అయిదు లీటర్ల నీళ్లు. ఇది ఒక ఆదివారం పని, పక్కింటివాళ్లు కలిసి చేస్తే పూటలో అయిపోతుంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ దగ్గరికి వెళ్తే ఏమవుతుందో ముందే ఊహించాలి. అక్కడ చర్చ మొరుగుడు మీదికి మళ్లుతుంది. 'శబ్దం ఆపండి' అని నోటీసు వస్తుంది. శబ్దం ఆపే సులువైన దారులు కర్ర, మూతికట్టు, బాల్కనీ నుంచి బాత్రూముకు మార్చడం. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం ఇంకా చెడు. కుక్క పక్కకు పోయి పరువు ముందుకొస్తుంది.

చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం మరీ పొట్టి గొలుసుకు ఎక్కువసేపు కట్టడం, ఎప్పుడూ కట్టేసి ఉంచే కుక్కను తిప్పకపోవడం, చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడం నేరాలే. మొదటిసారి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు. అప్పట్లో 50 రూపాయలు పెద్ద మొత్తమే, ఇప్పుడు రెండు చాయ్‌ల మాట. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ. పైగా ఈ నేరాల్లో మెజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. స్టేషన్లో 'మా చేతుల్లో లేదు' అనడానికి కారణం ప్రతిసారీ బద్ధకం కాదు.

చాలామందికి తెలియని సెక్షన్ 34 ఇక్కడ పనికొస్తుంది. నేరం జరుగుతోందని నమ్మే కారణం ఉంటే కానిస్టేబుల్ కంటే పై స్థాయి పోలీసు అధికారి జంతువును స్వాధీనం చేసుకుని మెజిస్ట్రేట్ ముందు గానీ పశువైద్యాధికారి ముందు గానీ పరీక్షకు పెట్టొచ్చు. ఫిర్యాదులో 'కుక్కను హింసిస్తున్నారు' అని కాకుండా ఫలానా తేదీన ఫలానా గంటకు నీళ్ల గిన్నె ఖాళీ, గొలుసు ఇంత పొడవు, నీడ లేదు అని రాసి, ఈ సెక్షన్ పేరెత్తి పశువైద్య పరీక్ష అడగాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి చొప్పున వారం రోజుల ఫొటోలు చాలు, అవీ మన బాల్కనీ నుంచో రోడ్డు మీది నుంచో తీసినవి. నేరం జరిగిన మూడు నెలల్లోపు కేసు వేయాలి, కాబట్టి పోయిన ఎండాకాలం ఫొటోలతో ఈ చలికాలంలో వెళ్తే లాభం లేదు. గేటు దూకితే అక్రమ ప్రవేశం, కుక్కను విప్పుకుపోతే దొంగతనం. చట్టం కళ్లకు కుక్క యజమాని ఆస్తి. పంజరంలో రామచిలుకో నక్షత్ర తాబేలో ఉంటే దారే వేరు. అవి వన్యప్రాణులు, పెంచుకోవడమే నేరం, ఫిర్యాదు అటవీ శాఖకు.

మాటలతో కాలయాపన చేయకూడని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. చిక్కటి చొంగ, ఇటుక రంగుకు తిరిగిన చిగుళ్లు, తూలుతున్న నడక వడదెబ్బ గుర్తులు. కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్, 106 దాటితే లోపలి అవయవాలు దెబ్బతినడం మొదలవుతుంది. పగ్, షిట్జు లాంటి చప్పిడి ముక్కు కుక్కలు ఇంకా త్వరగా పడిపోతాయి. యజమానికి ఫోన్, వాచ్‌మన్‌కు కేక, 100కు కాల్, ఈ మూడూ జరుగుతుండగానే మన గోడ ఇవతలి నుంచి పైపుతో మామూలు నీళ్లు దాని ఒంటి మీద, చుట్టూ నేల మీద కొట్టొచ్చు. ముందు పైపులో నిలిచిన వేడినీళ్లు వదిలేయాలి. ఐసు అక్కర్లేదు. పురుగులు పట్టిన పుండు కూడా ఆగదు. ఈగ గుడ్లు ఒక రోజులోపే పొదిగి పురుగులు కండలోకి దిగుతాయి. సంక్రాంతికి తాళం వేసి ఊరెళ్లిన ఇంట్లో కుక్క ఉండిపోతే అదీ అంతే. నొప్పితో ఉన్న కుక్క తెలిసినవాళ్లనూ కరుస్తుంది. కరిస్తే పదిహేను నిమిషాలు ధార కింద సబ్బుతో కడిగి, ఆ రోజే టీకాకు వెళ్లాలి.

మాట్లాడగా మాట్లాడగా "అంత ప్రేమైతే మీరే తీసుకెళ్లండి" అనే యజమానులూ ఉంటారు. ఆ మాటను అక్కడికక్కడే కాగితం మీద పెట్టించుకోవాలి. తేదీ, కుక్క గుర్తులు, ఇష్టపూర్వకంగా ఇస్తున్నట్టు సంతకం, టీకాల కార్డు. కాగితం లేకపోతే నెల తర్వాత, అది కాస్త ఒళ్లు చేశాక, మా కుక్కను ఎత్తుకెళ్లారని వస్తారు. ఎనిమిదేళ్ల కుక్కను దత్తత తీసుకునేవాళ్లు దొరకడం కష్టం, షెల్టర్లలో ఖాళీ అంతకన్నా కష్టం. అందుకే ఎక్కడ పెడతామన్నది ముందు తేల్చుకుని చెయ్యి చాపాలి. తెచ్చిన రాత్రి జాలిపడి కడుపునిండా బిర్యానీ పెట్టొద్దు. చాలాకాలం మాడిన ఒంట్లోకి ఒక్కసారిగా అంత తిండి వెళ్తే రక్తంలో లవణాలు తారుమారై గుండె ఆగిపోవచ్చు. మొదటి రోజు మెత్తటి అన్నం, ఉప్పూ ఉల్లిపాయా వేయకుండా ఉడికించి ఎముక తీసిన కోడి మాంసం, గుప్పెడు గుప్పెడుగా ఆరుసార్లు. మర్నాడు పొద్దున్నే పశువైద్యుడి దగ్గరికి.