ఎనిమిది వారాలు నిండని కుందేలు పిల్లను అమ్మనివ్వకూడదు

చార్మినార్ దగ్గరి ముర్గీచౌక్‌లోనో, సంత రోజున రోడ్డు పక్కన పెట్టిన బోను ముందో కాసేపు నిలబడి చూడండి. అన్నిటికంటే ముందు అమ్ముడుపోయేది అన్నిటికంటే చిన్న కుందేలు పిల్లే. అది ఎన్ని రోజుల పిల్ల అని అడిగేవారు తక్కువ. ఎవరైనా అడిగితే, "నెల దాటింది సార్, గడ్డి తింటోంది" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. గడ్డి కొరకడం మొదలుపెట్టినంత మాత్రాన ఆ పిల్ల తల్లిని వదిలి బతకగలదని కాదు. కొనేవారికి ఈ తేడా తెలియకపోవడమే ఈ వ్యాపారానికి పెట్టుబడి. దీన్ని గట్టి నిబంధనతో, అంతకంటే గట్టి అమలుతో ఆపాల్సిందే.

కుందేలు 30 నుంచి 32 రోజుల చూలు తర్వాత ఈనుతుంది. పుట్టిన పిల్లలకు బొచ్చు ఉండదు, పది రోజులు దాటితే గానీ కళ్లు తెరుచుకోవు. తల్లి సాధారణంగా రోజుకు ఒక్కసారి గూటిలోకి వచ్చి, మూడు నుంచి ఐదు నిమిషాలు పాలిచ్చి వెళ్లిపోతుంది. తాను అక్కడే తచ్చాడితే వేటాడే జంతువు గూటిని పసిగడుతుంది కాబట్టి, దూరంగా ఉండి పిల్లలను కాపాడుకుంటుంది. "తల్లి పట్టించుకోవడం లేదు, అందుకే అమ్మేస్తున్నాం" అనే మాట ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ కొద్ది నిమిషాల పాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవు పాలలో కంటే మూడు రెట్లకు పైగా ఉంటాయి. పాల దిగుబడి మూడో వారంలో గరిష్ఠ స్థాయికి చేరుతుంది. సరిగ్గా అప్పుడే పిల్ల గూడు దాటి గెంతడం మొదలుపెడుతుంది, తల్లి ముందున్న మేతను కొరుకుతుంది, దూదిపింజలా ముద్దొస్తుంది. అమ్మేవాడి కంటికి సరుకు సిద్ధమైనట్టు కనిపించే వయసూ, తల్లి పాలు అత్యధికంగా అందే వయసూ ఒకటే కావడం ఈ ప్రాణి దురదృష్టం.

బయటికి కనిపించని మార్పు కడుపులో జరుగుతుంది. పెద్ద కుందేలు కడుపులో ఆమ్లం చాలా తీవ్రం, పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, ఎంత తక్కువైతే ఆమ్లం అంత తీవ్రం) 1 నుంచి 2 దాకా ఉంటుంది. మేతతో లోపలికి వెళ్లిన సూక్ష్మక్రిముల్లో చాలావరకు అక్కడే చస్తాయి. పాలు తాగే పిల్లలో ఆ అంకె 5 నుంచి 6.5 మధ్య ఉంటుంది. ఆ దశలో క్రిములను అడ్డుకునేవి తల్లి పాల నుంచి వచ్చే కొవ్వు ఆమ్లాలే. గడ్డిలోని పీచును పులియబెట్టే మేలైన సూక్ష్మజీవులు పేగుల్లో కుదురుకోవడానికీ సమయం కావాలి. తల్లి గూటిలో వదిలే పెంటికలను కొరకడం ద్వారా కూడా అవి పిల్లలకు చేరతాయి. పాల రక్షణ పోయి, ఆమ్లం ఇంకా చిక్కబడక, మేలైన సూక్ష్మజీవులు ఇంకా నిలదొక్కుకోక ముందే ఆ పిల్లను అట్టపెట్టెలో పెట్టి బస్సెక్కిస్తున్నాం. ఇ.కోలి, క్లాస్ట్రీడియం, కాక్సీడియా వంటి పేగు జబ్బుల క్రిములు విజృంభించడానికి ఇంతకంటే అనువైన సమయం లేదు. పారుడు మొదలైన పిల్ల ఒకటి రెండు రోజుల్లోనే చనిపోవచ్చు. వేటకు గురయ్యే జంతువు కాబట్టి కుందేలు జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. ఇంట్లోవాళ్లు ప్రేమకొద్దీ ఆవు పాలు పడతారు, క్యారెట్ ముక్కలు పెడతారు. ఇంట్లోని పసివాళ్ల కోసం తెచ్చిన అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ సిరప్ రెండు చుక్కలు నోట్లో వేస్తారు. కుందేలు పేగుల్లోని మేలైన సూక్ష్మజీవులను ఆ మందే చంపేసి, ప్రాణం మీదికి తెస్తుంది.

ఇక వ్యాపారం లెక్క చూద్దాం. నా దృష్టిలో అసలు విషయం ఇక్కడే ఉంది. ఆడ కుందేలు ఈనిన కొద్ది గంటల్లోనే మళ్లీ చూలు కట్టగలదు. ఈ ఈత పిల్లలను నాలుగో వారంలో పంపేస్తే వచ్చే ఈతకు గూడు ఖాళీ అవుతుంది. ఎనిమిదో వారం దాకా ఉంచాలంటే దాణా, గడ్డి, చోటు, చాకిరీ కావాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. పాలు మాన్పించిన తర్వాతి రెండు మూడు వారాలే కుందేలు పిల్లలకు పెద్ద గండం. ఆ గండంలో పిల్ల షెడ్డులో చనిపోతే పెంపకందారుకు నష్టం. అమ్మిన తర్వాత చనిపోతే కొన్నవారికి నష్టం. అంటే ముందుగా అమ్మడం వల్ల దాణా ఖర్చుతో పాటు చావు ఖర్చు కూడా కొన్నవారి ఇంటికి చేరుతోంది. ఆ చావు ఎవరి పుస్తకంలోనూ నమోదు కాదు. రసీదు ఉండదు, ఫిర్యాదు ఉండదు. "మనకే పెంచడం చేతకాలేదు" అని ఆ కుటుంబం తమను తామే నిందించుకుంటుంది. పాప ఏడుపు ఆపడానికి తండ్రి వారం తిరక్కుండానే అదే దుకాణానికి వెళ్లి ఇంకో పిల్లను తెస్తాడు. చనిపోయిన ప్రతి పిల్లా కొత్త అమ్మకానికి దారి తీసే వ్యాపారం తనంతట తాను ఎందుకు మారుతుంది? కొనేవారికి అవగాహన కల్పిస్తే చాలుననే వాదన అందుకే నాకు నచ్చదు.

పెంపకందారులు చెప్పే మాట ఒకటి ఉంది. మాంసం కోసం పెంచే ఫారాల్లో నాలుగైదు వారాలకే పాలు మాన్పిస్తారు కదా, అవి బతకడం లేదా అంటారు. నిజమే, మాన్పిస్తారు. అయితే అక్కడ పిల్ల అదే షెడ్డులో, అదే దాణా తింటూ, తోబుట్టువుల మధ్య, అనుభవం ఉన్నవారి కళ్లెదుట ఉంటుంది. పాలు మానడం ఒక్కటే దానికి కొత్త. దుకాణం నుంచి వెళ్లే పిల్లకు పాలు, తోడు, మేత, చోటు అన్నీ ఒకే రోజు మారిపోతాయి. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టడం కుదరదు.

ఇంగ్లండ్ 2018లో తెచ్చిన లైసెన్సు నిబంధనల్లో ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లలు, పిల్లులు, ఫెరెట్‌ల (ముంగిసలా కనిపించే పెంపుడు జంతువుల)తో పాటు కుందేళ్లను కూడా పెంపుడు జంతువులుగా అమ్మరాదని స్పష్టంగా రాసుకుంది. మన దేశంలో 2017 నాటి కుక్కల పెంపకం, విక్రయ నిబంధనలు కుక్కపిల్లకు ఎనిమిది వారాల గడువు పెట్టాయి. 2018 నాటి పెంపుడు జంతువుల దుకాణాల నిబంధనలు కుందేలును పేరు పెట్టి మరీ పెంపుడు జంతువుల జాబితాలో చేర్చాయి, దుకాణాలకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేశాయి. ఇన్ని కాగితాలు ఉన్నా, బోనులోని పిల్ల వయసు చెప్పే చీటీ ఒక్కటీ కొనేవారి కంట పడదు. ఈ నిబంధనలకు తల్లి 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం. దాని 11వ సెక్షన్ ప్రకారం మొదటిసారి క్రూరత్వానికి పాల్పడితే జరిమానా 10 నుంచి 50 రూపాయలు. జల్లికట్టు కేసులో 2014లో తీర్పు ఇస్తూ సుప్రీంకోర్టు, శిక్షలు పెంచేలా చట్టాన్ని సవరించాలని పార్లమెంటుకు సూచించింది. ఆ 50 రూపాయలు ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

కుందేలు ఒక్కదానితో ఈ విషయం ఆగదు. గులాబీ, పచ్చ, నీలం రంగులు పూసిన కోడిపిల్లలను సైకిల్ బుట్టల్లో పెట్టుకుని వీధుల్లో అమ్మడం మన పల్లెల్లో, పట్టణాల్లో చూడనివారు ఉండరు. గుడ్ల కోసం పెంచే జాతి కోళ్లలో మగపిల్ల గుడ్డు పెట్టదు, మాంసానికీ గిట్టదు. అందుకే హేచరీలకు అది అక్కరలేని ప్రాణి. గుడ్ల ఉత్పత్తిలో దేశంలోనే ముందున్న రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. అంటే ఈ అక్కరలేని ప్రాణుల బాధ్యత కూడా మనమీదే ఎక్కువ. వాటికి రంగు పూసి పసివాళ్ల చేతుల్లో పెడుతున్నాం, అవి రెండు మూడు రోజుల్లో చనిపోతాయని తెలిసే కొనిస్తున్నాం. ప్రాణం పోతే ఇంకోటి కొనుక్కోవచ్చని ఐదేళ్ల పిల్లవాడికి మనమే నేర్పుతున్నాం. బడిలో జీవకారుణ్యం పాఠం చెప్పి, బడి బయట ఈ బుట్టను నిలబెట్టడం నాకు భరించరానిదిగా ఉంది. తల్లి రెక్క కింద ఉండాల్సిన కోడిపిల్ల, తల్లి పాలు తాగాల్సిన కుందేలు పిల్ల మన పిల్లల ఆటవస్తువులు కావడానికి మన మౌనమే అనుమతి.

చేయాల్సినవి కష్టమైనవి కావు. ప్రతి బోనుకూ పిల్లలు పుట్టిన తేదీ చీటీ కట్టాలి. రసీదు మీద ఆ తేదీ, దుకాణం రిజిస్ట్రేషన్ సంఖ్య ఉండాలి. ఎనిమిది వారాల లోపు పిల్ల దొరికితే దాన్ని తల్లి ఉన్న చోటికే తిరిగి పంపాలి, ఆ ఖర్చును దుకాణదారే భరించాలి. రోడ్డు పక్క బోనుల్లో, సైకిల్ బుట్టల్లో పసిప్రాణుల అమ్మకాన్ని మున్సిపల్ సిబ్బంది అక్కడికక్కడే ఆపాలి. దుకాణాలకు రిజిస్ట్రేషన్ ఇచ్చేది రాష్ట్ర జంతు సంక్షేమ మండలి. కాబట్టి రిజిస్ట్రేషన్ లేని దుకాణాలను తనిఖీ చేసి మూయించడానికి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు ఢిల్లీలో చట్టం మారేదాకా ఎదురుచూడనక్కరలేదు. తొలి తనిఖీని ముర్గీచౌక్ నుంచే మొదలుపెట్టవచ్చు.