ఆటలకిచ్చిన అప్పు, పిల్లల మీద పడ్డ భారం

చేబదులుకు గడువు ఉండదు. ఇచ్చినవాళ్లు మొహమాటపడి అడగరు, తీసుకున్నవాళ్లు వీలైనప్పుడు చూద్దాం అనుకుంటారు. అమెరికాలో, టూసాన్‌లోని యూనివర్సిటీ ఆఫ్ అరిజోనా తన క్రీడా విభాగానికి ఇచ్చిన డబ్బు పుస్తకాల్లో అప్పుగానే ఉంది. నడిచిన తీరు మాత్రం చేబదులే.

2023 నవంబర్‌లో అప్పటి అధ్యక్షుడు రాబర్ట్ రాబిన్స్ పాలకమండలి ముందు ఒక విషయం ఒప్పుకున్నారు. బయటి నుంచి పైసా రాకపోయినా యూనివర్సిటీ ఎన్ని రోజులు నడవగలదో చెప్పే లెక్క ఒకటుంది. 156 రోజులకు సరిపడా నగదు ఉంటుందని అంచనా వేస్తే, ఉన్నది 97 రోజులకే. పాలకమండలి పెట్టిన కనీస హద్దు 140. కొద్ది నెలల్లోనే 177 మిలియన్ డాలర్ల లోటు బయటపడింది. ఆర్థిక వ్యవహారాలు చూసే ముఖ్య అధికారి రాజీనామా చేశారు. జనవరిలో క్రీడా విభాగం డైరెక్టర్‌ను తప్పించారు. ఏప్రిల్‌లో రాబిన్స్ తానూ దిగిపోతానన్నారు.

లోటంతా ఆటల వల్లే వచ్చిందంటే అన్యాయం. విద్యార్థులను ఆకర్షించడానికి ఇచ్చిన ఫీజు రాయితీలూ ఖజానాను గట్టిగానే తిన్నాయి. అయినా క్రీడా విభాగానికి కోవిడ్ నాటి నుంచి ఇచ్చిన అప్పులు 80 మిలియన్ డాలర్లు దాటాయి. తిరిగి కట్టే స్తోమత దానికి ఉందా అని గట్టిగా అడిగినవాళ్లే లేరు. నన్ను బాధపెట్టేది ఇదే. రాని బాకీని రావలసిన సొమ్ముగా రాసుకున్నన్నాళ్లూ పద్దు బాగానే కనిపిస్తుంది. ఖర్చని రాస్తే అదే రోజు ఎవరో ఒకరు ప్రశ్నించేవారు.

అమెరికా కాలేజీ క్రీడల్లో ఒక నమ్మకం ఉంది: ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ సంపాదిస్తాయి, మిగతా ఆటలన్నిటినీ అవే పోషిస్తాయి. నిజానికి కోవిడ్‌కు ముందే, అగ్రశ్రేణి ఫుట్‌బాల్ ఆడే నూట ముప్పై దాకా యూనివర్సిటీల్లో సొంత సంపాదనతో ఖర్చులు వెళ్లదీసుకున్నవి పాతిక మాత్రమే. మిగిలిన చోట్ల లోటును విద్యార్థుల ఫీజులు గానీ, యూనివర్సిటీ సాధారణ నిధులు గానీ పూడుస్తాయి. జట్టు గెలిస్తే పేరొస్తుంది, దరఖాస్తులు పెరుగుతాయి అంటారు. కావచ్చు. అలాంటప్పుడు దాన్ని ప్రచార ఖర్చని బడ్జెట్‌లో రాసి, ఏటా ఇంత అని హద్దు పెట్టాలి.

పొదుపు మొదలుపెట్టాక కత్తి ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. 2012లో యూనివర్సిటీ ఆఫ్ మేరీల్యాండ్ డబ్బుల్లేక ఏడు జట్లను ఎత్తేసింది. వాటిలో స్విమ్మింగ్, టెన్నిస్ లాంటివే ఉన్నాయి కానీ ఫుట్‌బాల్ లేదు. మరోపక్క 2023లో టెక్సస్ ఏ అండ్ ఎం తన ఫుట్‌బాల్ కోచ్‌ను మధ్యలో పంపించేసినందుకు ఒప్పందం ప్రకారం 75 మిలియన్ డాలర్లకు పైగా బాకీ పడింది. అసలు సంస్కరణ కోచ్‌తో సంతకం చేసే ముందు మొదలవ్వాలి. మధ్యలో తప్పిస్తే ఎంత కట్టాలి, ఎక్కడి నుంచి కట్టాలి అన్నది క్రీడా విభాగంతో సంబంధం లేని ఆర్థిక అధికారి చూసి, కాదనగలగాలి. ఆ అధికారం లేని ఆడిట్ జరిగిపోయిన నష్టాన్ని లెక్కపెట్టడానికే పనికొస్తుంది.

అరిజోనా ప్రకటించిన పొదుపు ప్రణాళికలో కొత్త ఉద్యోగాల నిలుపుదల ఉంది. చేరినప్పుడు ఎంత ఫీజో డిగ్రీ అయ్యేదాకా అంతే అన్న హామీని కొత్తవాళ్లకు ఎత్తేయాలన్న ఆలోచనా ఉంది. ఒక్క మ్యాచ్ కూడా చూడని విద్యార్థి దీనికెందుకు టెన్షన్ పడాలి? రాష్ట్ర యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థులు స్థానికుల కన్నా చాలా ఎక్కువ ఫీజు కడతారు. ఇక్కడ పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని పంపే తెలుగు తల్లిదండ్రులకూ ఈ లెక్కలతో సంబంధం ఉన్నది అందుకే.

2024 అక్టోబర్ నుంచి ఆ యూనివర్సిటీకి అధ్యక్షుడు సురేశ్ గరిమెళ్ల, మద్రాస్ ఐఐటీలో చదువుకున్న ఇంజనీర్. ఆయన ముందున్న భారం చిన్నది కాదు. ఆటగాళ్లు వేసిన దావాల్లో 2025లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో ఒక్కో యూనివర్సిటీ తన ఆటగాళ్లకు మొదటి ఏడాది 20.5 మిలియన్ డాలర్ల వరకు నేరుగా చెల్లించవచ్చు. ఆటగాళ్లకు ఆ వాటా ఎప్పుడో దక్కాల్సింది. అది ఏ పద్దు నుంచి వస్తోందో, పాత అప్పులో ఆ ఏడాది ఎంత తీరిందో పాలకమండలి ఫీజులు నిర్ణయించే సమావేశంలోనే, విద్యార్థుల ఎదుట చదివి వినిపించాలి.