‘ఇంటర్నేషనల్ అప్లికెంట్’ అనే గడి గారికి

అమెరికా కాలేజీల దరఖాస్తులో విదేశీ అభ్యర్థులు టిక్కు పెట్టవలసిన మహారాజశ్రీ గడి గారికి నమస్కారములు.

తమరి చలవతో మా పెద్దమ్మాయికి నిన్న సాయంత్రం ఒక విశ్వవిద్యాలయం నుంచి తిరస్కరణ లేఖ అందింది. ఈ ఏడాది దరఖాస్తుదారుల్లో మునుపెన్నడూ లేనంత వైవిధ్యం ఉందనీ, అందువల్ల ఎంపిక ఎంతో కష్టమైందనీ వారు మర్యాదగా రాశారు. వారికి కలిగిన ఆ కష్టానికి మా కుటుంబం తరఫున సానుభూతి తెలియజేస్తున్నాను.

మా పిల్ల రెండేళ్ల వయసులో అమెరికా వచ్చింది. అక్షరాలు ఇక్కడి బడిలోనే నేర్చుకుంది, ఈ దేశపు జెండాకు గుండెమీద చెయ్యి వేసుకొని ప్రతిజ్ఞ చెబుతూ పెరిగింది. అయినా హెచ్-4 వీసా (ఉద్యోగ వీసా మీద వచ్చినవారి భార్యాభర్తలకూ పిల్లలకూ ఇచ్చేది) మీద ఉన్నందువల్ల తమరి దృష్టిలో ఆమె విదేశీయురాలు. ఇక్కడ పుట్టి, నెలల బిడ్డగానే మరో ఖండానికి వెళ్లి, పద్దెనిమిదేళ్లూ అక్కడే గడిపిన కుర్రవాడు మాత్రం అమెరికా పాస్‌పోర్టు ఉంటే చాలు, స్వదేశీయుడు.

పోనీ, విదేశీయురాలే అనుకుందాం. ఆ వైవిధ్యానికైనా విలువ ఉండాలి కదా! 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని పరిగణించడం చెల్లదని తీర్పు చెబుతూనే, జాతి తన జీవితాన్ని ఎలా ప్రభావితం చేసిందో అభ్యర్థి రాసుకోవడానికి అడ్డు లేదన్నది. అప్పటి నుంచి ‘మీ నేపథ్యం మా క్యాంపస్‌కు ఏమి జోడిస్తుంది’ అనే వ్యాసం కోసం పదిహేడేళ్ల పిల్లలు తమ బతుకుల్లో పనికొచ్చే కష్టాలను వెతుక్కుంటున్నారు. మా పిల్ల కూడా శ్రద్ధగా వెతికి రాసింది. తీరా చూస్తే, ప్రభుత్వానికి పంపే లెక్కల్లో జాతుల వారీ వరుసలు పౌరులకూ గ్రీన్ కార్డు ఉన్నవారికీ మాత్రమేనట. మా పిల్లను ఆసియా వరుసలో కూడా చేర్చరు, విదేశీయుల వరుసలో విడిగా కూర్చోబెడతారు. (తాతగారు అక్కడ చదివినందుకు మనవడికి కాస్త మొగ్గు చూపే సంప్రదాయం కొన్నిచోట్ల ఇంకా నిక్షేపంగా ఉంది. దాన్ని నేపథ్యం అనరు కాబోలు.)

ఇవన్నీ సహించగలను. నాకు మింగుడు పడనిది తమరి పక్కనే అమాయకంగా నిలబడే ప్రశ్న: ‘ఆర్థిక సాయం కోరుతున్నారా?’ హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హర్స్ట్ వంటి కొన్ని సంస్థలు విదేశీ అభ్యర్థుల స్థోమత చూడకుండానే ప్రవేశం నిర్ణయిస్తాయి. కానీ పౌరుల స్థోమత చూడబోమని గర్వంగా ప్రకటించుకునే మరెన్నో సంస్థలు, తమరిలో టిక్కు కనబడగానే మాట మార్చి మా బ్యాంకు ఖాతా వైపు చూస్తాయి. ‘అవును’ అంటే సీటు దక్కే అవకాశం తగ్గుతుంది, ‘కాదు’ అంటే పూర్తి ఫీజు మా మెడకు చుట్టుకుంటుంది. ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) సాయానికి హెచ్-4 పిల్లలు ఎలాగూ అర్హులు కారు. ఆ సాయానికి మూలమైన పన్నును నెలనెలా మా జీతాల్లోంచి కోసుకున్నప్పుడు మాత్రం మేము విదేశీయులమన్న సంగతి ఒక్క గడికీ గుర్తు రాలేదు!

గ్రీన్ కార్డు తెచ్చుకోండి అంటారా? ఉద్యోగాల ద్వారా ఇచ్చే గ్రీన్ కార్డుల కోటాలో ఏ ఒక్క దేశానికీ సుమారు 7 శాతానికి మించి ఇవ్వరాదన్న నిబంధన పుణ్యమా అని, ఇండియాలో పుట్టిన మావంటి వారి వరుస ఏళ్ల తరబడి సాగుతూనే ఉంటుంది. ఈలోగా మా అమ్మాయికి 21 నిండితే హెచ్-4 కూడా చెల్లదు. తాను పెరిగిన దేశంలోనే ఉండడానికి స్టూడెంట్ వీసా తెచ్చుకోవాలి.

ఇక మర్యాద చాలు. విను. మా చిన్నవాడు ఇక్కడే పుట్టాడు. అదే ఇల్లు, అదే బడి, అక్క చదివిన పుస్తకాలే, అక్క కంటే తక్కువ మార్కులు. రెండేళ్ల తరవాత వాడు అదే విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పెడతాడు. నీలో టిక్కు పెట్టడు. సాయం కావాలని నిర్భయంగా రాస్తాడు, ఆ కారణంతో వాణ్ని ఎవరూ పక్కన పెట్టరు. వాడికి సీటు వస్తే సంతోషిస్తాను, కన్నతల్లిని కదా. కానీ ఆ రోజు నువ్వే మా ఇంటికి వచ్చి, తమ్ముడికి ఉండి తనకు లేని అర్హత ఏమిటో మా అమ్మాయికి ఎదురుగా కూర్చుని చెప్పాలి. నేను చెప్పను.

ఇట్లు,
నీ లెక్కలో విదేశీయురాలైన పిల్ల తల్లి