పొట్ట చూసి శుభాకాంక్షలు చెప్పకండి

మొన్న ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్ళ సంక్రాంతి సంబరాల్లో భోగిపళ్ళ దగ్గర జరిగింది చాలామంది చూశారు. రేగిపళ్ళు, చిల్లర నాణేలు, చెరకు ముక్కలు, బంతిరేకులు కలిపిన పళ్ళేలు పట్టుకుని ఆడవాళ్ళు వరసలో నిలబడ్డారు. పక్కనున్న ఓ అమ్మాయి పొట్టవైపు చూసి యాంకరమ్మ మైకులోనే అంది: "వచ్చే ఏడాది మీ బుజ్జాయికి కూడా ఇక్కడే పోద్దాం!" హాలంతా చప్పట్లు.

ఆ అమ్మాయి గర్భవతి కాదు. గర్భాశయం లోపలి పొరలో క్యాన్సర్‌కు ముందు దశ బయటపడింది. పిల్లలు కావాలి కాబట్టి గర్భసంచి తీయించుకోకుండా మందులతో పోరాడుతోంది. రోజుకు 160 మిల్లీగ్రాముల మెగెస్ట్రాల్ (ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోను మందు), అంటే 40 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు. క్యాన్సర్‌తో చిక్కిపోయినవాళ్ళకు ఆకలి పుట్టించడానికి కూడా ఇచ్చే మందు అది. ఒళ్ళు రాక ఏమవుతుంది? ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం. ఎవరని ఆరా తీయకండి.

యాంకరమ్మను తిట్టడానికి కాదు ఈ వ్యాసం. ఆవిడ మనసులో ఏ పాపమూ లేదు. శుభం పలకడం మన అలవాటు, అందులో ఆప్యాయతే ఉంది. కానీ ఆ ఆప్యాయత పక్కనే మనకు అజ్ఞానం కూడా దండిగా ఉంది. సంబరాల్లో పెట్టే మన హెల్త్ డెస్కు బీపీ, షుగరు చూసి పంపేస్తుంది తప్ప నెలసరి మాట ఎత్తదు.

"మూడు నెలలకోసారి వస్తుందా, హాయిగా ఉంది కదా", "పెళ్ళయితే అదే సర్దుకుంటుంది" అంటూ పెరిగాం మనం. అసలు జరిగేది ఇదీ. అండం విడుదలైన నెలలో ప్రొజెస్టిరాన్ తయారై గర్భాశయం లోపలి పొర పెరగకుండా పట్టి ఉంచుతుంది. పీసీఓడీలో అండం సరిగా విడుదల కాదు. అప్పుడు ఈస్ట్రోజెన్ ఒక్కటే పొరను పెంచుకుంటూ పోతుంది. ఒంట్లో కొవ్వు కూడా ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది కాబట్టి బరువు ఎక్కువైతే ఇది ఇంకా ముదురుతుంది. నెలల తరబడి రాకుండా ఉండి ఒక్కసారిగా గడ్డలుగా పోవడం, నెలసరికీ నెలసరికీ మధ్య మరకలు కనపడడం, ఇవి కనిపిస్తే వయసు ముప్పయ్యే కదా అని ఊరుకోకూడదు. నెలసరి వచ్చే వయసులో స్కానులో పొర మందం చూసి ఏదీ తేల్చలేం, బయాప్సీ ఉండాల్సిందే. సన్నటి ప్లాస్టిక్ గొట్టంతో క్లినిక్‌లోనే కొన్ని నిమిషాల్లో తీస్తారు. కడుపులో గట్టిగా మెలిపెడుతుంది. నొప్పి మాత్ర గంట ముందే వేసుకోవచ్చా అని డాక్టర్ని అడగండి.

పొర ఇలా అతిగా పెరగడాన్ని హైపర్‌ప్లేసియా అంటారు. రిపోర్టులో 'ఎటిపికల్', అంటే కణాల రూపం మారిందన్న మాట ఉందా లేదా అన్నది చూడాలి. కణాల రూపం మారని హైపర్‌ప్లేసియా అయితే ఇరవై ఏళ్ళలో క్యాన్సర్‌గా మారేది వందలో ఐదుగురికన్నా తక్కువమందిలో. ఎటిపికల్ అయితే లెక్కే వేరు. 2006లో వెలువడిన ఓ పెద్ద అమెరికన్ అధ్యయనంలో, బయాప్సీలో ఎటిపికల్ అని తేలినవాళ్ళకు గర్భాశయం తీసి చూస్తే దాదాపు 43 శాతం మందిలో క్యాన్సర్ అప్పటికే ఉంది. అందుకే డాక్టర్లు ముందు ఆపరేషన్ మాటే ఎత్తుతారు. అది కఠినత్వం కాదు. పిల్లల కోసం ఆగాలనుకుంటే రెండు పనులు మాత్రం తప్పవు. గొట్టంతో తీసిన ముక్క పొరలో కొంత భాగమే, అందుకని హిస్టిరోస్కోపీలో, అంటే గర్భాశయంలోకి సన్నటి కెమెరా పంపి, కళ్ళారా చూసి మళ్ళీ ముక్క తీయించాలి. ఆ స్లైడ్లను స్త్రీల క్యాన్సర్లలో అనుభవమున్న మరో పెథాలజిస్టుతో చదివించాలి. వాటిని చదవడంలో ఇద్దరు నిపుణులకు తేడా రావడం మామూలే. లోతుకు పాకిందన్న అనుమానం ఉంటే ఎమ్మారై.

మందుల్లో ఒకటి మిరేనా, గర్భసంచిలో అమర్చే చిన్న సాధనం. దానిలో 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ అనే ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోను ఉంటుంది, మందు నేరుగా పొరకే అందుతుంది, ఒంట్లోకి తక్కువ వెళ్తుంది. పిల్లలు కావాలంటుంటే గర్భనిరోధక సాధనం పెడతారేమిటని అత్తగారికి అనుమానం వస్తుంది. ఇక్కడ అది మందు, పని కాగానే తీసేస్తారు. రెండోది మెగెస్ట్రాల్ లాంటి మాత్రలు. చాలామంది తప్పు చేసేది ఈ మాత్రల దగ్గరే. నెలసరి రప్పించడానికి పది రోజులు వేసుకుని ఆపే పద్ధతి మనకు అలవాటు. ఈ జబ్బుకు అలా కుదరదు, ఒక్కరోజు కూడా మానకుండా కనీసం ఆరునెలలు వాడాలి. మొదట్లో మరకలు కనపడతాయి, మందు పనిచేయట్లేదనుకుని ఆపేస్తారు. ఆపకూడదు. మెగెస్ట్రాల్‌తో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది, షుగరు పెరగొచ్చు. అందుకే గంటల తరబడి కూర్చోవాల్సిన ఇండియా విమానం ఎక్కేముందు డాక్టర్‌కు చెప్పాలి. ఒక కాలు వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా ఎమర్జెన్సీకే వెళ్ళాలి.

మూడు నెలలకోసారి బయాప్సీ. మిరేనా లోపల ఉండగానే తీయొచ్చు. తమ్ముడి పెళ్ళనో ఎండాకాలం సెలవులనో ఒకటి దాటేస్తే వెనక వరసంతా చెదిరిపోతుంది. టిక్కెట్లు బయాప్సీ తేదీ చూసి కొనుక్కోండి. ఈ వరస సడలాలంటే ఎటిపికల్ ఉన్నవాళ్ళకు వరసగా రెండు శుభ్రమైన రిపోర్టులు (జబ్బు కనపడనివి) రావాలంటారు, పిల్లల ప్రయత్నం మొదలుపెట్టడానికైతే కనీసం ఒకటైనా ఉండాలి. పన్నెండు నెలలైనా లొంగకపోతే ఆపరేషన్ గురించి మళ్ళీ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే. అండాశయాలు ఉంచవచ్చా, అండాలో పిండాలో ముందే భద్రపరచవచ్చా అని అప్పుడే అడగండి.

శుభ్రంగా వచ్చాక సంతోషంతో ఏడాది ఆగడం ఇంకో తప్పు. ఎటిపికల్ ఉన్నవాళ్ళలో మందుకు లొంగేవాళ్ళు నూటికి ఎనభై మంది పైనే, కానీ వాళ్ళలో నాలుగో వంతుకు మళ్ళీ వస్తుంది. అందుకని చికిత్స మొదలైన రోజే ఫెర్టిలిటీ డాక్టర్‌ను కలిసి ఉండాలి. శుభ్రమైన రిపోర్టు రాగానే లెట్రోజోలో (అండం విడుదలకు ఇచ్చే మాత్ర) ఐవీఎఫో మొదలవ్వాలి. ఇన్సూరెన్సు సంగతీ ముందే చూసుకోండి. న్యూజెర్సీ, ఇల్లినాయ్ లాంటి రాష్ట్రాల్లో ఐవీఎఫ్ కవరేజీ చట్టం ఉన్నా, కంపెనీ సొంత డబ్బుతో నడిపే ప్లాన్లకు అది వర్తించదు. మనవాళ్ళలో పెద్ద కంపెనీల్లో చేసేవాళ్ళకు చాలావరకు అలాంటి ప్లాన్లే.

ఇక ఇంటి సంగతి. ఫోన్‌లో విషయం చెప్పగానే అటునుంచి వచ్చే మాట "తీయించేసుకో తల్లీ, మీ పెద్దమ్మ తీయించుకోలా?" 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 3 శాతం చిల్లర. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9, తెలంగాణలో దాదాపు 8. దీనివల్ల ఇంకో చిక్కుంది. ఈ జబ్బున్న కొందరి వెనక లించ్ సిండ్రోమ్ ఉంటుంది, అది పెద్దపేగు, గర్భాశయ క్యాన్సర్లు తరతరాలుగా నడిచే కుటుంబాల్లో వస్తుంది. డాక్టర్ కుటుంబ చరిత్ర అడిగితే మన దగ్గర జవాబుండదు. పెద్దమ్మకు ఎందుకు తీశారు? "బ్లీడింగని." తాతయ్య ఎలా పోయాడు? "కడుపులో గడ్డ." ఈసారి ఊరెళ్ళినప్పుడు బీరువాలో పాత బయాప్సీ కాగితాలుంటే ఫోటో తీసి తెచ్చుకోండి.

ఒకవైపు తీయించేసుకో అని, ఇంకోవైపు శుభవార్త ఎప్పుడని, రెండువైపులవాళ్ళూ ప్రేమతోనే అంటారు. మధ్యలో నలిగేది ఆ పిల్ల.

భోగిపళ్ళు మానమని అనట్లేదు, పిల్లలకు అంతకన్నా ముచ్చట ఏముంది? ఉగాది కమిటీని మాత్రం వేడుకుంటున్నాం. మైకు స్క్రిప్టులో ఎవరి పొట్టా, ఎవరి ఒడీ రాకూడదు. వాయనం, పసుపుకుంకుమ పిల్లలున్నారా అని అడక్కుండా వచ్చిన ప్రతి ఆడమనిషి చేతిలో పెట్టండి. హెల్త్ డెస్కులో ఒక కుర్చీ నెలసరి ప్రశ్నలకు, తెర చాటున.

ఇంకొకటి. మత్తు ఇచ్చి హిస్టిరోస్కోపీ చేసేచోట ఇంటికి తీసుకెళ్ళడానికి తోడు లేకపోతే చాలాసార్లు ప్రొసీజరే రద్దు చేస్తారు. క్యాబ్ ఒప్పుకోరు. భర్త వీసా స్టాంపింగ్ కోసం ఇండియాలో ఇరుక్కుంటే ఆ అమ్మాయికి ఇక్కడెవరున్నారు? కొత్త విద్యార్థులను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చే వాలంటీర్ల జాబితా మన దగ్గర ఎప్పట్నుంచో ఉంది. అందులో ఇదీ చేర్చండి. తేదీ, ఆస్పత్రి పేరు చాలు, కారణం అడగక్కర్లేదు.