సెమీ క్రిస్మస్ గారికి ఒక తల్లి వందనాలు

సెమీ క్రిస్మస్ గారికి,

ప్రభువు నామంలో వందనాలు. క్రిస్మస్ రాకముందే జరిగిపోయే ముందస్తు పండగ మీరు, మీ క్షేమం వేరే అడగక్కర్లేదు. మా వీధి చివర కరెంటు స్తంభానికి మీ ఫ్లెక్సీ కట్టి అప్పుడే వారమైంది. అందులో ముఖ్య అతిథి గారున్నారు, దైవజనులున్నారు, కేకు దాతలున్నారు, ప్రేమవిందు దాతలున్నారు. తొట్టిలో బాలయేసు ఎక్కడా అని వెతికాను. ఉన్నాడు లెండి. కింద కుడి మూలన, సౌండ్ సిస్టమ్ వాళ్ల ఫోన్ నంబరు పక్కన.

నేను గుంటూరులో ఇద్దరు పిల్లల తల్లిని. స్త్రీల సమాజంలో సభ్యురాలిని, కాబట్టి డిసెంబరు నెలంతా మీ ఉద్యోగిని. జీతం లేదు. ప్రేమవిందులో ఒక బిర్యానీ ప్లేటు మాత్రం ఉంటుంది. వడ్డించేవాళ్లం కదా, అది మా చేతికొచ్చేసరికి ముక్కలన్నీ అయిపోయి మసాలా ఆకులు మిగులుతాయి.

అసలు మీ పుట్టుక మీదే నాకు అనుమానం. రోములో డిసెంబరు 25న క్రీస్తు జననాన్ని గుర్తుచేసుకున్నట్టు 336 నాటికే ఆధారం ఉంది. మన పండగ ఇప్పటికీ ఆ తారీఖునే పట్టుకుని కూర్చుంది. మీరు మాత్రం హాలు ఎప్పుడు ఖాళీగా ఉంటే అప్పుడు పుడతారు. డిసెంబరు మధ్యలో ధనుర్మాసం వస్తుంది, ఊళ్లో పెళ్లిళ్లు ఆగిపోతాయి. ఫంక్షన్ హాలు వాళ్లు బేరానికి దిగివస్తారు, వంటవాళ్లు ఫోన్ ఎత్తుతారు. ఇక చూడండి మీ విజృంభణ! పంచాంగం చూసుకుని ప్రోగ్రాం పెట్టుకునే క్రైస్తవ పండగను మిమ్మల్నే చూశాను.

పోనీ ఒక్కసారి పుట్టి ఊరుకుంటారా? సంఘానిది ఒకటి, సండే స్కూలుది ఒకటి, యూత్‌ది ఒకటి, మా ఆయన ఆఫీసులో ఒకటి, పిల్లల స్కూల్లో ఒకటి, అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌ది ఇంకొకటి. అన్నిచోట్లా కేకు కోస్తారు. అసలు పండగ రోజుకి మా చిన్నది కేకు కనిపిస్తే మొహం తిప్పుకుని "అమ్మా, పప్పన్నం లేదా?" అంటుంది.

మీకంటే ముందు ఇక్కడ ఆగమన కాలం అని ఒక పెద్దాయన ఉండేవాడు. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాలు ఆయనవి. బల్ల మీద ఊదారంగు గుడ్డ, వారానికో కొవ్వొత్తి, అంతే ఆర్భాటం. ఎదురుచూడ్డమే పని. ఆయన్ని ఇప్పుడు ఎవరూ పలకరించట్లేదు. వచ్చేవాడు రాకముందే విందు పెట్టి, విస్తళ్లు ఎత్తేసే అలవాటు మీరు చేశారు. మెదక్‌లో పెద్ద చర్చిని 1914లో మొదలుపెట్టి, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ చేశారు. పదేళ్లు ఆగిన మనుషులు వాళ్లు. వాళ్లకి మీరు తగిలి ఉంటే, గోడలు నడుం ఎత్తుకు లేవగానే సెమీ ప్రతిష్ఠ చేయించి శాలువాలు కప్పించేవారు.

ఇక అరిసెల విషయం. బియ్యం నానబెట్టి, వార్చి, తడి ఆరకుండా పిండి మరకి పరిగెత్తి, వచ్చి బెల్లం పాకం పెట్టాను. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేస్తే వేళ్ల మధ్య ఉండ కావాలి. అది అయ్యే క్షణం చాలా చిన్నది. ముందైతే అరిసె నూనెలో విడిపోతుంది, దాటితే పళ్లు విరుగుతాయి. సరిగ్గా ఆ క్షణంలోనే మీ తరఫున సెక్రటరీ అక్క ఫోన్. "వందనాలమ్మా. ఈసారి అందరం ఎర్రంచు తెల్లచీర అనుకున్నాం. నీకుందా?" ఉందో లేదో ఆలోచించేలోపు పాకం ముదిరింది. ఈ ఏడు మా ఇంటి అరిసెలు తినాలంటే దేవుని కృప, గట్టి దవడ రెండూ కావాలి. పాపం మా అత్తయ్య ఒక్క మాట అనలేదు, టీలో ముంచుకుని తింటోంది.

పోయినేడు మీ వేదిక మీద ముఖ్య ప్రసంగీకులు మార్త గురించి చెప్పారు. అనేకమైన పనులు పెట్టుకుని తొందరపడకూడదని, ఆమె సోదరి మరియలాగా యేసు పాదాల దగ్గర కూర్చుని వినాలని. చాలా మంచి వాక్యం. హాలు వెనక రెండు గంగాళాల పెరుగుచట్నీ కలుపుతూ విన్నాం. ఆమెన్ అనగానే అయ్యగారు వెనక్కొచ్చి అడిగిన మొదటి మాట, "అమ్మా, భోజనాలు రెడీయేనా?"

ఇన్ని తిట్టినా "గారు" అంటున్నానంటే దానికో కారణం ఉంది. అదే రోజు పిల్లల నాటిక జరిగింది. హేరోదు రాజు వేషానికి పెద్ద పోటీ. డైలాగులు ఎక్కువ, కత్తి కూడా ఉంటుంది. మరియమ్మ భర్త యోసేపు వేషం ఎవరికీ వద్దు. సువార్తల్లోనే ఆయన ఒక్క మాట మాట్లాడడు, స్టేజీ మీద ఏం మాట్లాడతాడు? మావాడు గొర్రెల కాపరి. వాళ్ల నాన్న లుంగీ, నెత్తిన నా టర్కీ టవలు. నాటిక మధ్యలో ముఖ్య అతిథి గారొచ్చారు. నాటిక ఆపి ఆయనకు దండ వేశారు, మైకు ఇచ్చారు. ఆయన రోడ్ల అభివృద్ధి గురించి మాట్లాడుతుంటే, వెనక పశువుల పాకలో పిల్లలంతా బొమ్మల్లా నిలబడ్డారు. మావాడు నెమ్మదిగా నెత్తిన టవలు విప్పి, వంగి, తొట్టిలో బొమ్మకి కప్పాడు. మెడ వరకూ. స్టేజీ ఫ్యాను నేరుగా తొట్టి మీదకి వస్తోందట.

ఎవరూ చూడలేదు, ఫొటోగ్రాఫరు అతిథిగారి వైపు ఉన్నాడు. నేను పెరుగు గరిటె పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ డిసెంబరులో నాకు పండగ వచ్చింది అప్పుడే.

ఇంకొకటి మీ చేతికి చిక్కకుండా దాచుకున్నాం. 24 రాత్రి, కేరల్స్ వాళ్లు డ్రమ్ముతో వచ్చి టీ అడిగేలోపు, లైట్లు తీసేసి స్టార్ ఒక్కటి వెలిగించి, పెద్దవాడి చేత యేసు పుట్టిన కథ ఉన్న లూకా సువార్త రెండో అధ్యాయం చదివిస్తాం. పోయినేడు, బాలయేసుకి చుట్టిన పొత్తిగుడ్డల దగ్గరికి రాగానే చిన్నది ఆపింది. "అమ్మా, అవి ఎవరు ఉతికారు?" ఇన్నేళ్లలో ఏ ప్రసంగీకుడూ ఆ సంగతి ఎత్తలేదు. మరియమ్మే ఉతికి ఉంటుంది, ఇంకెవరున్నారు అక్కడ? ఆమె ఆ సంగతులన్నీ హృదయంలో భద్రం చేసుకుని తలపోసుకుందని లూకా రాశాడు. స్టేజీ మీదికి పిలిచి మెమెంటో ఇచ్చారని మాత్రం రాయలేదు.

కాబట్టి నా మనవి ఏమిటంటే, ఒక్క ఆదివారమైనా ఆ ఊదారంగు పెద్దాయనకి వదిలేయండి. పిల్లలకి పరీక్షలున్న వారం రాకండి. మైకు పదింటికి ఆపించండి. వడ్డించేవాళ్లకి నాలుగు ముక్కలు ముందే తీసి పెట్టించండి. ఈ చివరిది ప్రార్థన అంశంగా కూడా పెట్టుకోవచ్చు.

ఇట్లు,
స్త్రీల సమాజంలో మీ విధేయురాలు

తా.క.: 20వ తారీఖు మీ ప్రోగ్రాముకి పులిహోర నేనే తెస్తానని సెక్రటరీ అక్కకి చెప్పాను. ఎంతమందికో ముందే తేల్చమనండి. చింతపండు ఇవాళే తెచ్చుకోవాలి. తెల్లచీర దొరికింది గానీ అంచు నీలం.