జ్వరం లేనంత మాత్రాన ఇన్ఫెక్షన్ లేనట్టేనా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తిరుగుతోంది. పేగు ఆపరేషన్ అయిన పెద్దవాళ్లకు జ్వరం లేకపోతే ఇన్ఫెక్షన్ లేనట్టేననీ, తికమక మాటలు మత్తుమందు ప్రభావమేననీ, యాంటీబయాటిక్ నడుస్తుంటే భయం లేదనీ, మళ్లీ కోయాలనే డాక్టరు డబ్బు కోసమే అంటాడనీ దాని సారాంశం.

వీటిలో మొదటి మాటే అన్నిటికంటే ప్రమాదకరం. వయసు మళ్లిన ఒంట్లో ఇన్ఫెక్షన్ ముదిరినా జ్వరం రాకపోవచ్చు. కొందరికి ఒళ్లు 36 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడటమే సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒంట్లోని అవయవాలు దెబ్బతినడం) లక్షణం. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారికి గుండె దడ కూడా పైకి తెలియదు. అందుకని థర్మామీటరును ఒక్కదాన్నే నమ్ముకోకుండా ఊపిరి లెక్కపెట్టాలి. నిమిషానికి 22 లేదా అంతకు మించి శ్వాసలు, బీపీలో పై అంకె 100 లేదా అంతకు తక్కువ, మనిషి తెలివిలో తేడా, వీటిలో ఒక్కటి కనిపించినా నర్సుకు చెప్పాలి, రెండు కనిపిస్తే డాక్టరు వచ్చేదాకా వదలకూడదు.

తికమక సంగతి నాకు అనుభవమే. ఆపరేషన్ అయిన అయిదో రోజున మా పెదనాన్న దుప్పటి అంచు పీకుతూ, కోడలిని ఎప్పుడో పోయిన మా పెద్దమ్మ పేరుతో పిలిచారు. మేము నవ్వుకున్నాం. మంచం పక్కన వేలాడే మూత్రం సంచిలో ఉదయం నుంచి టీ రంగులో గుక్కెడు మాత్రమే చేరిందని ఎవరమూ చూడలేదు. మత్తుమందు వల్ల తికమక రావడం నిజమే కానీ, ఒకసారి కుదుటపడిన మనిషి నాలుగైదు రోజులకు ఉన్నట్టుండి మారితే ముందుగా అనుమానించవలసింది పేగును కోసి కలిపిన చోటి కుట్టునే, ఎందుకంటే అక్కడి లీకు (కుట్టు విడిపోయి పేగులోది కడుపులోకి కారడం) తరచుగా ఆ మొదటి వారంలోనే బయటపడుతుంది.

యాంటీబయాటిక్ మాట సగమే నిజం. సెప్టిక్ షాక్ (సెప్సిస్ ముదిరి బీపీ పడిపోవడం) అనుమానం ఉంటే, ఏ క్రిమో తేల్చే కల్చర్‌కు రక్తం తీసి, గంటలోపు మొదటి మోతాదు ఇవ్వాలి, సెలైన్ ఎక్కించాలి, అప్పటికీ బీపీ నిలవకపోతే దాన్ని పెంచే నార్‌అడ్రినలిన్ పెట్టాలి. అయితే లీకును అలాగే వదిలేసి మందులు మార్చడమంటే, పగిలిన మురుగు గొట్టాన్ని వదిలేసి నేల తుడవడమే. చీము ఒకచోటే ఉంటే స్కాన్ చూస్తూ గొట్టం వేసి తీయవచ్చు. మలం కడుపంతా పరుచుకుంటే మళ్లీ కోయక తప్పదు, ఒక్కోసారి పేగు కొసను పొట్ట మీదికి తెచ్చి స్టోమా (మలం సంచిలోకి పోయే దారి) పెట్టవలసి వస్తుంది.

ఇక డబ్బు ఆరోపణ. రెండో డాక్టరును అడగడం తప్పు కాదు, కానీ గంటల్లో అడగాలి, రోజులు ఆగకూడదు. పాతపట్నం మీదుగా శ్రీకాకుళానికో, ఇటు బరంపురానికో రోగిని తరలించవలసి వస్తే, యాంటీబయాటిక్ మొదటి మోతాదు పడిందా, అక్కడ సీటీ స్కాన్, సర్జన్ ఉన్నారా అని ముందే కనుక్కుని, ఆపరేషన్‌లో ఏం చేశారో రాసిన ఆపరేషన్ నోట్ వెంట తీసుకెళ్లాలి. మేము అది ఇంట్లో మరిచిపోతే, తేవడానికి మా అన్న సగం దారి నుంచి వెనక్కి వెళ్లాడు.