ఐసోలేషన్ గది ఉంటే సరిపోతుందా?

ఆసుపత్రిలో ఐసోలేషన్ అనగానే జబ్బు అంటించే మనిషిని దూరంగా పెట్టడమే అనుకుంటాం. దీనికి సరిగ్గా తలకిందులైన అవసరం మరొకటి ఉంది. ఎముక మజ్జ మార్పిడి చేయించుకున్నవాళ్లు, కీమోథెరపీతో తెల్లకణాలు పడిపోయినవాళ్లు బయటి నుంచి ఏదొచ్చినా తట్టుకోలేరు, అందుకే వాళ్ల రక్షణ కోసమే వాళ్లను విడి గదిలో పెడతారు. బ్యాక్టీరియాతో పోరాడే తెల్లకణాలైన న్యూట్రోఫిల్స్ రక్తంలో మైక్రోలీటరుకు 500 కన్నా తగ్గితే చిన్న ఇన్ఫెక్షన్ కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

ఈ రెండు రకాల గదులకూ తేడా గాలి దగ్గరే. క్షయ, తట్టు రోగుల గదిలోకి గాలి బయటి నుంచి లోపలికి రావాలి. రక్షణ కోసం పెట్టిన గదిలో లోపలి నుంచి బయటికి పోవాలి. గంటకు కనీసం 12 సార్లు గాలి మారాలి, అదీ అతి సన్నని రేణువుల్ని పట్టే హెపా ఫిల్టర్ గుండా రావాలి. ఆసుపత్రిలో ఎక్కడైనా గోడ పగలగొడితే దుమ్ముతో లేచే ఆస్పర్‌జిల్లస్ బూజు బీజాలు 2-3 మైక్రాన్లు ఉంటాయి, 0.3 మైక్రాన్ల రేణువుల్లోనే 99.97 శాతాన్ని పట్టే ఆ ఫిల్టర్‌ను అవి దాటడం కష్టం. తలుపు కింది సందు దగ్గర టిష్యూ ముక్క పట్టుకుని, అది ఎటు ఊగుతుందో చూస్తే గాలి దిశ తెలిసిపోతుంది. ఆ తలుపే వారగా తెరిచి వదిలేస్తే ఇంత ఖర్చూ దండగ.

గది కట్టేశాం కదా అన్న ధీమా దగ్గరే నాకు పేచీ. ఫిల్టర్ చేతుల్ని ఆపలేదు. 1847లో వియన్నాలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు క్లోరిన్ నీళ్లతో డాక్టర్ల చేతులు కడిగించి బాలింతల మరణాలు తగ్గించాడు. అప్పటికి హెపా ఫిల్టరన్న మాటే లేదు. పైగా తెల్లకణాలు లేని రోగికి సోకే బ్యాక్టీరియా చాలాసార్లు అతని పేగుల్లోదే, చర్మం మీదిదే. పుట్టుకతోనే రోగనిరోధక శక్తి లేక, టెక్సాస్‌లో పుట్టిన క్షణం నుంచి ప్లాస్టిక్ బుడగలో పెరిగిన డేవిడ్ వెటర్ 1984లో 12 ఏళ్లకే చనిపోయాడు. అక్క ఇచ్చిన మజ్జలో దాగిన ఎప్‌స్టీన్-బార్ వైరస్ ముందు ఆ బుడగ ఏం చేయగలదు?

ఇంకో చిక్కుంది. గౌను, గ్లవ్స్ తొడుక్కుని లోపలికెళ్లడం బరువు. రౌండ్స్‌లో గుమ్మం దగ్గరి నుంచే పలకరించి వెళ్లిపోవడం తేలిక. ఇన్ఫెక్షన్ నియంత్రణ కోసం విడిగా పెట్టిన రోగులపై 2003లో వచ్చిన ఒక అధ్యయనంలో, నివారించగలిగే హాని మిగతా వాళ్లకంటే వీళ్లకే ఎక్కువ జరిగిందని, బీపీ, టెంపరేచర్ వంటివి రాయడం కూడా తప్పిపోయిందని తేలింది. తెల్లకణాలు లేని మనిషికి జ్వరం వస్తే గంటలోపు యాంటీబయాటిక్ పడాలి. ఆ టెంపరేచర్ చూసేవాళ్లే లేకపోతే ఎలా?

అందుకే యూనిట్ లెక్కల్లో నర్సుల సంఖ్య ఫిల్టర్ల కన్నా ముందు రావాలి. ఇన్ఫెక్షన్ ఉన్న రోగినీ, రక్షణ గదిలోని రోగినీ ఒకే షిఫ్టులో ఒకే నర్సుకు అప్పగించకూడదు.